గట్టు మీద నీలం డబ్బా

ఆమె మళ్లీ ముందే ఉంది.

ప్రభాకర్ గేరు మార్చి బలమంతా పెట్టి తొక్కాడు. కాలువ గట్టు మీద ఎర్రమట్టి బాట తిన్నగా సాగుతోంది. ఒకపక్క నీళ్లు, మరోపక్క పత్తిచేలు. రెండు వందల గజాల ముందు అదే లేత నీలం చీర, తలకూ ముఖానికీ చుట్టుకున్న అదే తెల్ల చున్నీ, క్యారియర్ మీద అదే నీలం డబ్బా. ఆమెది ఊళ్లో ఏ ఇంటి ముందైనా కనిపించే మామూలు లేడీస్ సైకిల్. తనది ఇరవై ఒక్క గేర్లది. పైగా హెల్మెట్, చేతులకు గ్లౌజులు. ఇంత వేషం వేసుకున్నది వెనకబడటానికా అని అతనికి ఒళ్లు మండింది.

పొద్దున టేకులపల్లి దగ్గర గట్టెక్కినప్పుడు ఆమే పలకరించింది. చున్నీ అంచున నెరిసిన వెంట్రుకలు, సన్నటి గొంతు.

"యాడిదాకా సార్?"

"ఏన్కూరు దాకా. నువ్వేడికమ్మా?"

"సూదుల డబ్బా గూడ ఏన్కూరు దాకనే పోవాలె సార్. వాగు మీద రోడ్డు తెగింది గద, గట్టే దిక్కు. ఊరూరా అంగన్‌వాడీల పిల్లల మందు దింపుకుంట, ఐసు కరగకముందే చేరాలె."

యూనిఫాం చీరలో ఉన్న ఆశా కార్యకర్త. యాభై అయిదు దాటి ఉంటాయి. ప్రభాకర్ జాలిపడ్డాడు. "పదమ్మా, నేను నీ వెనకనే మెల్లగ వస్త" అన్నాడు పెద్దమనసుతో. ఆ పెద్దమనసే ఇప్పుడు అతన్ని పీక్కుతింటోంది.

ప్రభాకర్‌కు నలభై ఎనిమిదేళ్లు. ఖమ్మంలో కరెంటాఫీసు ఉద్యోగం. పోయిన ఏడాది గుండెకు స్టెంట్ వేశారు. వచ్చే నెల సైకిల్ క్లబ్బు వాళ్లతో గోదావరి ఒడ్డునే భద్రాచలం దాకా వెళ్లాలని అతని కోరిక. ఆసుపత్రి మంచం మీద పడుకుని రోజులు లెక్కపెట్టింది దాని కోసమే. భార్య సుజాత ఒక షరతు పెట్టింది.

"ముందు కాలువ గట్టెంబడి ఒక్కపూట పోయి రాండ్రి. కాళ్లు మీ మాట వింటే భద్రాచలం పోండ్రి. వినకపోతే సైకిల్ మా తమ్మునికిచ్చి ఇంట్ల కూసోండ్రి."

సరేనని ఆమె చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు.

మొదటి ఊరి అంగన్‌వాడీ దగ్గర ఆమె దిగి, డబ్బా తీసుకుని లోపలికి వెళ్లింది. ఇక అందుకున్నట్టే అనుకున్నాడు. అతను అక్కడికి చేరేసరికి నీలం చీర బయటికి రానే వచ్చింది, డబ్బా కట్టింది, సైకిలెక్కింది. అలుపన్నది లేదు. అప్పుడే ఇంటి నుంచి బయల్దేరినట్టు తొక్కుకుంటూ వెళ్లిపోయింది.

రెండో ఊరు దాటాక ఇక పట్టలేక కేకేశాడు.

"కొంచెం ఆగమ్మా!"

ఆమె వెనక్కి తిరగలేదు. "ఐసు కరుగుతది సార్" అన్న జవాబు మాత్రం గాలిలో వచ్చింది. గొంతు బొంగురుగా ఉంది. దుమ్ముకు పట్టేసిందేమో అనుకున్నాడు.

తూము దగ్గర టీకొట్టు జంపయ్య గ్లాసు అందిస్తూ నవ్వాడు.

"ఆశమ్మ గిప్పుడే పోయింది సార్."

"ఎప్పుడూ గింత స్పీడేనా?"

"డబ్బా ఉన్నదంటే ఇంతే. యాడా ఆగది."

టీ సగంలో వదిలేసి ప్రభాకర్ మళ్లీ సైకిలెక్కాడు. పిక్కలు లాగుతున్నాయి. చెయ్యి మాటిమాటికీ గుండె మీదికి పోతోంది. చేతికున్న స్మార్ట్ వాచీ చూసుకున్నాడు. గుండె నిలకడగానే కొట్టుకుంటోంది. వేగం కూడా క్లబ్బులో కుర్రాళ్లకు తీసిపోదు. కానీ ఆ అంకెలు అతనికి ఆనలేదు. కళ్లముందు నీలం డబ్బా ఒక్కటే ఊగుతోంది. మూడో ఊరు పోయింది, నాలుగో ఊరూ పోయింది. ఆమె వేగం పెరిగిందే తప్ప తగ్గలేదు.

తనకన్నా పెద్ద వయసు మనిషి. మధ్యాహ్నం ఎండ కూడా రాలేదు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

ఏన్కూరు వంతెన మీద బావమరిది శ్రీను ఎదురుచూస్తున్నాడు.

"ఏంది బావా, రెండున్నర గంటలల్లనే వచ్చినవ్? పన్నెండు దాటుతదని అక్క అన్నది."

"కాళ్లు నా మాట వింటలేవురా. ఇగో, సైకిల్ నువ్వే తీస్కో."

"జోకా?"

"జోక్ కాదు, తీస్కపో."

అక్కడే నిలబడి సుజాతకు ఫోన్ చేశాడు. "నువ్వే గెలిచినవ్. నేను ముసలోణ్ని అయిన. భద్రాచలం పోను" అన్నాడు. "నేను గెలవాలని షరతు పెట్టలేదండీ" అంది సుజాత. తర్వాత అతను క్లబ్బు గ్రూపులో తన పేరు తీసేయమని రాసి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. శ్రీను సైకిలెక్కి సంబరంగా గంట కొడుతూ మలుపు తిరిగి కనిపించకుండా పోయాడు.

బస్సు కోసం నడుస్తుంటే ఆరోగ్య కేంద్రం మెట్ల మీద నీలం చీర కనిపించింది. పక్కనే డబ్బా. కోపం ఎప్పుడో పోయింది. ప్రభాకర్ దగ్గరికెళ్లి చేతులు జోడించాడు.

"దండం తల్లీ. టేకులపల్లి కాడికెళ్లి ఈడిదాకా ముప్పై నాలుగు కిలోమీటర్లు, ఒక్కసారి కూడ నాకు దొరకలె. నిన్ను జూసే ఇయ్యాల నా సైకిల్ ఇచ్చేసిన."

ఆమె చున్నీ విప్పి చెమట తుడుచుకుంది. నల్లటి జడ. పాతికేళ్లు కూడా ఉండవు. అర్థంకాక అతన్ని ఎగాదిగా చూసింది.

"ఊరికొకరం సార్, నేను ఐదోదాన్ని."