కుర్చీలో తగిలిన దెబ్బ

"చెయ్యి చూపించాను, సంతకం పెట్టేశారు. లోపలాయన మంచాయనేనమ్మా, భయపడకండి!" అన్నాడు ఫైర్‌మన్, కట్టు కట్టిన చేతిని జెండాలా పైకెత్తి.

అతను మెట్లు దిగి వెళ్ళాక బస్సు డ్రైవరు తన భార్య వైపు తిరిగాడు. "విన్నావుగా? మనకీ అంతే. అడిగింది చెప్పు, చాలు."

"చెప్తానండీ. ఈసారి మొత్తం చెప్పేస్తాను."

ఆ మాట కోసమే అతను నెలల తరబడి ఎదురుచూశాడు. అత్యవసర సహాయ కేంద్రంలో ఫోన్లెత్తే ఉద్యోగం ఆమెది. అంబులెన్సు చేరేదాకా అవతలివాళ్ళు ఏం చెయ్యాలో చెబుతూ లైన్లోనే ఉండాలి. పేర్లు అడిగే తీరిక ఉండదు. తల్లి చేస్తే అమ్మగారూ, తండ్రి చేస్తే నాన్నగారూ అంటారు, అంతే. ఆమె వాగుడు చూసి తోటివాళ్ళు చిలక అని పేరు పెట్టారు. ఒకసారి విన్న గొంతు మర్చిపోయేది కాదు. బజార్లో ఎవరో బేరమాడుతుంటే భర్త చొక్కా లాగి, "ఈవిడ మనవడికి మూర్ఛ వస్తే ఫోను చేశారండీ" అని గుసగుసలాడేది. పోయి పలకరించమంటే మాత్రం, "నా గొంతు వింటే పాపం ఆ రోజే గుర్తొస్తుంది" అని పక్క సందులోకి తప్పుకునేది. "నువ్వు చిలకవి కాదు, దొంగపిల్లివి" అని నవ్వేవాడు అతను.

ఆ నవ్వులు పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఫోను మోగితే చాలు, ఆమె గోడకి అతుక్కుపోయి వణుకుతుంది. ఇంట్లో కాలింగ్ బెల్లు కూడా పీకించేసింది. మనసుకు తగిలిందీ డ్యూటీలో తగిలిన దెబ్బేనని ఈ ఆఫీసు ఒప్పుకుంటే జీతంతో సెలవు, వైద్యం. ఒప్పుకోకపోతే సోమవారం మళ్ళీ అదే కుర్చీ, అవే ఫోన్లు.

ప్యూను తలుపు తీశాడు.

"రండి రండి, కూర్చోండి," అన్నాడు అధికారి, ఫైల్లోంచి తల ఎత్తకుండానే.

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. భర్త మోచెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించాడు. కూర్చోగానే ఆమె చున్నీ తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పండమ్మా, ఏం జరిగింది?"

బల్లమీద పెన్నుల డబ్బాకి ఎర్రపూసల జుట్టు బ్యాండు ఒకటి తగిలించి ఉంది. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది.

"బెదిరిపోయిందండీ," అన్నాడు డ్రైవరు. "నిద్ర లేదు, తిండి లేదు..."

"డాక్టరు రాసింది చదివాను. బాధ లేదని నేననను. కానీ ఏ కాల్ వల్ల వచ్చిందో తెలియాలి. ఆ వివరాలు ఫైల్లో రాయకూడదని మీ ఆఫీసు రూలు. ఉద్యోగి నోటితో చెప్పి తీరాలని మా రూలు."

"అంటే అడకత్తెరలో పోకచెక్కలం అన్నమాట!"

అధికారి నవ్వలేదు. "మంటల్లోకి వెళ్ళినవాడు చెయ్యి చూపిస్తాడు. అంబులెన్సువాడు నడుం చూపిస్తాడు. కుర్చీలో కూర్చున్న మనిషికి దెబ్బెలా తగిలిందని పైవాళ్ళు నన్ను నిలదీస్తారు. ఆ సీట్లో ఉండేవాళ్ళ విలువ నాకు తెలియక కాదమ్మా. ఒక్క కాల్ గురించి రెండు ముక్కలు చెప్పండి, ఇప్పుడే రాసేస్తాను."

డ్రైవరు ఉండబట్టలేకపోయాడు. "సార్, నిద్రలో ఇది రోజూ..."

ఆమె గోళ్ళు అతని మోకాలిలో దిగాయి. ప్రాణం పోయినంత పనై మాట మింగేశాడు.

"మాటలతోనే ప్రాణాలు నిలబెట్టినవారు, ఒక్క మాట చెప్పలేరా?" అధికారి గొంతులో విసుగు లేదు. బతిమాలుతున్నట్టే ఉంది.

ఆమె తల అడ్డంగా ఊపి, భర్త చెవిలో గుసగుసగా ఏదో చెప్పింది. అతను నమ్మలేనట్టు చూశాడు. చివరికి, "గుర్తు లేదటండీ" అన్నాడు.

అధికారి నిట్టూర్చి, ఫైలు మూసేశాడు. "అయితే నా చేతుల్లో ఏమీ లేదమ్మా. గుర్తొస్తే మళ్ళీ రండి."

ఆమె లేచి చేతులు జోడించింది. కళ్ళ నిండా నీళ్ళు. చాలాసేపటిదాకా ఆ చేతులు దించలేదు.

మెట్ల దగ్గర డ్రైవరు కోపం కట్టలు తెంచుకుంది.

"నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలు చేశావు! గుర్తు లేదా? 'నాన్నగారూ, ఆపకండి, పాప గుండెమీద నొక్కుతూనే ఉండండి, అంబులెన్సు వచ్చేస్తోంది' అని రోజూ నిద్రలో అరుస్తావే! ఆ పాప దక్కలేదని నువ్వేగా ఏడ్చావు?"

ఆమె గోడకి ఆనుకుంది.

"సోమవారం ఆ ఫోను ఎలా ఎత్తుతావే? నిన్ను నేనెలా కాపాడుకోను?" అతను మెట్టు మీద చతికిలబడ్డాడు. "ఆ నాన్నెవరో, ఎక్కడున్నాడో! ఆయన సంగతి నోరు విప్పి చెబితే నీకేం పోయేది?"

ఆమె వెనక్కి తిరిగి, మూసి ఉన్న తలుపు వైపు ఒకసారి చూసింది. అప్పుడు తీసింది నోటి మీది చున్నీ.

"ఆ నాన్నగారు ఈయనేనండీ."