అందరిదీ ఒకటే మనసు

క్యారేజీ మూత తీయించి బల్ల మీద పెట్టించాడు మేస్త్రీ.

“ఒక్కొక్కరే రండి. ఏమీ మాట్లాడక్కర్లేదు. ఇందులో ఉమ్మేసి, వెళ్లి పని చూసుకోండి.”

చేపలు ప్యాక్ చేసే ఫ్యాక్టరీ అది. క్యారేజీ పొలుసు గీసే ముసలామెది. కుళ్లిన చేపల్ని మందునీళ్లలో కడిగి మళ్లీ డబ్బాలకెక్కిస్తున్నారని, తనిఖీకి వచ్చిన ఆఫీసర్లకు ఆమె చెప్పేసింది. ఫ్యాక్టరీ మూతపడినంత పనైంది. పైవాళ్లు ఎలాగో సర్దుకొచ్చారు. ఆమెను పనిలోంచి తీసేశారు. అది చాలదనుకున్నారు తోటివాళ్లు.

“ఇంతమందిమి ఉన్నా మన మనసు ఒకటే అనుకున్నాం,” అన్నాడు మేస్త్రీ.

“మనసు ఒకటే, సరే. ముక్కు ఎవరిది వాళ్లకుందిగా,” అంది ముసలామె.

ఎవరూ నవ్వలేదు. వరస కదిలింది.

చివర్న లేబుళ్లు అంటించే అమ్మాయి నిలబడింది. అక్కణ్ణించి అన్నీ కనిపిస్తున్నాయి.

ముందు వ్యాను డ్రైవరు. భార్య ఆస్పత్రిలో పడి ఉన్నప్పుడు అతని పిల్లల్ని కనిపెట్టుకుని ఉన్నది ముసలామే. గొంతు లోపల్నించి కాండ్రించి మరీ ఉమ్మాడు. తర్వాత ఐసు కొట్టేవాడు. ఆ తర్వాత, రోజూ ముసలామె పక్కన చేరి ఆమె కూర పంచుకు తినే ఆవిడ. ఉమ్మి, మూతి తుడుచుకుని, సరిగ్గా పడిందో లేదోనని తొంగి చూసింది కూడా. నురగ కూర మీంచి జారుతోంది.

అమ్మాయి చేత్తో ముక్కు మూసుకుంది. చేపల వాసన ఆమెకు అలవాటే. ఇది మనుషుల నోళ్లది.

ఆమె వంతు వచ్చేసరికి అందరూ పని ఆపి చూశారు.

“నా వల్ల కాదు మేస్త్రీగారూ.”

“అసలు కావల్సింది నీదే. ఉమ్మితే మాదానివి. లేదంటే ఆవిడ వెనకే గేటు దాటు.”

ముసలామె తలెత్తి చూసింది. కానివ్వమన్నట్టు కళ్లు వాల్చింది.

అమ్మాయి నోరు పిడచగట్టుకుపోయింది. ఎంతకీ తడి రాలేదు. చివరికి కళ్లు గట్టిగా మూసుకుని ఉమ్మింది.

ఎవరో వీపు తట్టారు. “మన పిల్లే,” అన్నారు. ఆ చెయ్యి జిగటగా తగిలింది.

ముసలామె మూత పెట్టుకుని, క్యారేజీ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. టీ వచ్చింది. అందరూ కబుర్లాడుకుంటూ తాగారు. అమ్మాయి మాత్రం కుళాయి దగ్గర నోరు పుక్కిలిస్తూనే ఉంది. ఎంత కడిగినా అసహ్యం నాలుకని వదల్లేదు. ఆ అసహ్యం వాళ్లమీదో తనమీదో తెలియలేదు.

పని దిగి బయటికొస్తే, గేటుకి కాస్త దూరంలో ముసలామె నిలబడి ఉంది. అమ్మాయి కాళ్లు ఆగిపోయాయి. తల ఎత్తలేకపోయింది. ముసలామే దగ్గరికొచ్చింది.

“కళ్లు తుడుచుకో. ఇంటికెళ్లాక మీ నాన్నకి ఈ సంగతి చెప్పకు,” అంది అమ్మ.