ఎనిమిది మార్కుల ప్రశ్న

"ఈ ఒక్కటీ ఇచ్చేస్తే అతను ఇక ఏమీ అడగడు" అన్న వాక్యం ఆ ఉదయం తొంభయ్యోసారి కళ్లబడేసరికి చరిత్ర మాస్టారికి ఆవులింత వచ్చింది.

మాస్టారు వేరే ఊరి కేంద్రానికి వచ్చి వాల్యుయేషన్ మొదలుపెట్టి అది ఐదో రోజు. పిల్లలు పరీక్షలో టైపు చేసిన జవాబులు పేర్లు లేకుండా, వట్టి నంబర్లతో తెర మీదికి వస్తున్నాయి. మాస్టారి వంతుకు ఒకే ప్రశ్న వచ్చింది. హిట్లర్ అడిగింది అడిగినట్టు ఇచ్చేసి యుద్ధాన్ని తప్పించుకోవాలని చూసిన బుజ్జగింపు విధానం మీద ప్రశ్న. ఆధారంగా ఆ రోజుల నాటి ఒక బ్రిటన్ ఇల్లాలి ఉత్తరం ఇచ్చారు. హిట్లర్‌కు వేరే దేశం ముక్క కోసి ఇచ్చినందుకు ఆవిడ ప్రధానికి కృతజ్ఞతలు చెప్పుకుని, ఈ ఒక్కటీ ఇచ్చేస్తే అతను ఇక ఏమీ అడగడని, తన కొడుకు యుద్ధానికి పోనక్కర్లేదని సంబరపడింది. ఈ ఉత్తరం ఎంతవరకు నమ్మదగినది? ఎనిమిది మార్కులు.

పిల్లలందరిదీ ఒకటే పాట. ఆవిడ తల్లి, కొడుకు మీద ప్రేమ ఉంటుంది, కాబట్టి నమ్మలేం. నాలుగు మార్కులు. తర్వాతిది.

మధ్యాహ్నం మాస్టారు ఇంటికి ఫోన్ చేశారు. ఎంత పనిలో ఉన్నా భోజనం వేళకు చేసి, ఎవరొచ్చారో, కూతురు ఏం చేస్తోందో కనుక్కోవడం ఆయనకు అలవాటు. భార్య రెండో రింగుకే ఎత్తుతుంది. నిన్నటి నుంచీ ఎత్తడం లేదు. ఫోన్ పాడైందేమో, ఊరికి వెళ్లాక మాట్లాడదాంలే అనుకున్నారు. పక్క కుర్చీ టీచరమ్మ తన ఇంట్లో తోటికోడళ్ల రభస చెప్పుకుని వాపోతే, మా ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుందండీ అని నవ్వారు. కూతురూ ఈ ఏడే పరీక్షలు రాసింది. కానీ దానిది సైన్సు. మాస్టారే దగ్గరుండి చేర్పించారు. అందుకే తన వాళ్లెవరూ చరిత్ర పేపరు రాయలేదని హామీపత్రం మీద మరో ఆలోచన లేకుండా సంతకం పెట్టారు.

భోజనం తర్వాత తెరిచిన మొదటి జవాబు మామూలుగానే మొదలైంది. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు. మూడో పేరా దగ్గర మాస్టారి వేలు ఆగిపోయింది.

"ఈమె అబద్ధం ఆడటం లేదు. భయపడే మనిషి చెప్పే నిజం ఇలాగే ఉంటుంది. నాకు తెలుసు. ఇక్కడ నా పేరు ఉండదు కాబట్టి రాస్తున్నాను. నాన్న మొదట అమ్మను ఉద్యోగం మానేయమన్నారు. ఈ ఒక్కటే కదా అంది అమ్మ. తర్వాత స్నేహితులను. ఈ ఒక్కటే కదా అంది. ఒకసారి చెంప వాస్తే పక్కింటావిడకు పంటినొప్పి అని చెప్పింది. మా ఇంట్లో గొడవలు ఉండవు. గొడవకు ఇద్దరు కావాలి. ప్రధాని బుజ్జగించింది సిద్ధమయ్యే సమయం కోసమేనని కొందరు చరిత్రకారులు అంటారు. అది నిజమో కాదో నాకు తెలియదు. మా అమ్మ మాత్రం నా పరీక్షలు అయ్యేదాకా సమయం తీసుకుంటోంది. తర్వాత నాన్న ఊళ్లో లేని రోజు చూసుకుని తల్లీకూతుళ్లం ఇద్దరం వెళ్లిపోతాం. అందుకని ఈ ఉత్తరాన్ని నమ్మవచ్చు. ఎవరికి భయపడి రాసిందో కూడా కలిపి చదవాలి."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. టీచరమ్మను పిలిచి చూపిస్తే ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుని సగంలోనే పక్కకు తిరిగిపోయింది. మాస్టారు ఎనిమిదికి ఎనిమిదీ వేసి, నంబరు కాగితం మీద రాసుకుని, మెట్లెక్కి చీఫ్ ఎగ్జామినర్ గదికి వెళ్లారు.

చీఫ్ పెద్దావిడ. రెండుసార్లు నిదానంగా చదివారు. పిల్లకు ప్రమాదం ఉందని తోస్తే నంబరు విప్పి పేరు చూడవచ్చు, నిబంధన ఉంది. కానీ తొందరపడి ఒక కుటుంబాన్ని బజారుకు ఈడ్చడం ఆవిడకు ఇష్టం లేదు. మార్కుల కోసం కల్పించి రాసిందేమోనన్నారు.

"కల్పన కాదు మేడమ్," అన్నారు మాస్టారు. "ముప్పయ్యేళ్లుగా పేపర్లు దిద్దుతున్నాను. ఇది పడినవాళ్ల రాత."

"పొరపాటైతే?"

"అయితే నా మీద పెట్టండి. నాకూ ఆడపిల్ల ఉంది. ఇలాంటివాణ్ణి చూస్తూ చూస్తూ ఎలా వదిలేస్తాం?"

చీఫ్ ఆయన్ని కాస్త గౌరవంగా చూసి, అయితే రిపోర్టు రాసివ్వమన్నారు. మాస్టారు నిలబడే రాశారు. తండ్రి క్రూరుడని, తల్లీకూతుళ్లకు వెంటనే రక్షణ కల్పించాలని, ఆ మనిషికి వాళ్ల ఆచూకీ ఏ పరిస్థితుల్లోనూ తెలియనివ్వకూడదని రాసి, కింద తన పేరు, స్కూలు పేరు పొడి అక్షరాల్లో కాకుండా పూర్తిగా రాసి సంతకం పెట్టారు.

చీఫ్ ఆ కాగితం పక్కన పెట్టుకుని, నంబరు కొట్టి, తెర మీద తెరుచుకున్న పరీక్ష దరఖాస్తును పైనుంచి చదవడం మొదలుపెట్టారు. రెండో వరుస దగ్గర ఆగారు. పిల్లల రక్షణ విభాగానికి చేయబోయిన ఫోన్ చేతిలోనే ఉండిపోయింది. మాస్టారి రిపోర్టు వైపు, మళ్లీ తెర వైపు చూశారు.

"ఏమైంది మేడమ్? మనకు తెలిసినవాళ్లా?"

ఆవిడ రిపోర్టును మడిచి సొరుగులో పెట్టి తాళం వేసి, తెరను నెమ్మదిగా ఆయన వైపు తిప్పారు. గ్రూపు అన్నచోట సైన్సు నుంచి చరిత్రకు మార్పించుకున్నట్టు ఉంది, కింద తల్లి సంతకం.

ఫొటోలో ఉన్నది మాస్టారి కూతురు.