అరిచే పెట్టె

"గట్టిగా మాట్లాడమ్మా! ఒక్క ముక్క వినపడట్లేదు" అని వాసుదేవ్ మళ్ళీ విసుక్కున్నాడు.

కౌంటర్ అవతల నిలబడ్డ పెద్దావిడ తన శాయశక్తులా మాట్లాడుతూనే ఉంది. పెదాలు కదులుతున్నాయి, మెడనరాలు తేలుతున్నాయి. బయటికి మాత్రం గాలి తప్ప ఏమీ రావడం లేదు.

దీవి రేవు పక్కన, హాడోలో వాసుదేవ్‌ది చిన్న ఎలక్ట్రానిక్స్ షాపు. చెన్నై షిప్‌లో కొత్త సరుకు ఆ పొద్దునే దిగింది. సరుకు దిగిన రోజు జనం షాపు మీద విరుచుకుపడతారు. సరిగ్గా ఈ రోజే దొరికిందా ఈవిడకి, అని లోపల పళ్ళు నూరుకుంటూ చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టాడు.

"అరిసే పెట్టి గావాలి బాబూ. సేపలమ్ముకుంటాను. ఈదిలో కేకెయ్యాల గదా, నాకు గొంతు రాదు."

వాసుదేవ్ ఒక స్పీకర్ తీసి ముందు పెట్టాడు.

"ఇది చూడు. బ్యాటరీ పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా వస్తుంది. లైట్లు కూడా వెలుగుతాయి."

"లైట్లు సూసి సేపలు కొంటారేటి?"

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. వాసుదేవ్ నవ్వలేదు.

స్పీకర్‌లో పాట పెట్టమంది. పెట్టాడు. షాపులో నిలబడి వినొచ్చు కదా? వినదు. రోడ్డు దాటి అవతలి టీకొట్టు దగ్గర నిలబడింది. అక్కణ్ణుంచి పిలిచి చెప్పే గొంతు లేదు కాబట్టి చెయ్యి అడ్డంగా ఊపింది. ఆ ఊపుడు చూడటానికి వాసుదేవ్ జనాన్ని తోసుకుని గుమ్మంలోకి రావాల్సి వచ్చింది.

రెండో స్పీకర్‌కీ అదే వరస. మూడోదానికి ఆవిడ రోడ్డు దాటుతుంటే ఆటోవాడు బ్రేకేసి తిట్టాడు.

"భయ్యా, ఔర్ కిత్నీ దేర్?" ఇంకా ఎంతసేపని ఇయర్‌బడ్స్ కోసం నిలబడ్డ కుర్రాడు గొణిగాడు.

"బస్, దో మినిట్ భాయ్."

ఈలోగా ఆవిడ తిరిగొచ్చింది. సీసాలో నీళ్ళు వేళ్ళకు రాసుకుని స్పీకర్ బటన్లు నొక్కబోయింది.

"ఏయ్ ఏయ్! నీళ్ళు తగిలితే పాడైపోద్ది!"

"మరి నా సేతులెప్పుడు పొడిగుంటాయి బాబూ?"

వాసుదేవ్‌కి తిక్క నషాళానికెక్కింది. అటక మీద నుంచి భుజానికి తగిలించుకునే మైకు పెట్టె దించాడు. ఒకసారి రికార్డు చేస్తే అదే పనిగా అరుస్తుంది. బటన్లకి రబ్బరు తొడుగు కూడా ఉంది. దాంట్లో తనే "హలో, హలో, మైక్ టెస్టింగ్" అని రికార్డు చేసి మోగించాడు. ఆవిడ మళ్ళీ రోడ్డు దాటింది. ఈసారి రెండు చేతులూ పైకెత్తింది. ముఖమంతా నవ్వుతో పరిగెత్తుకొచ్చింది.

"ఇదే గావాల. నీ గొంతు శానా బాగుంది బాబూ. 'సేపలమ్మా సేపలు' అని నువ్వే అనీ. అదే తిప్పుకుంటాను."

షాపు ఘొల్లుమంది.

వాసుదేవ్ ముఖం జేవురించింది. "నేనా? ఇంతమందిలో చేపల కేకేయాలా? మీ ఇంట్లో ఎవరితోనైనా అనిపించుకో."

"నాకెవులున్నారు బాబూ? పక్కోళ్ళనడిగితే నవ్వేసి పోతన్నారు. బేరం పడిపోనాది. నానొచ్చినట్టే తెలీదు ఎవులికీ. ఒక్కపాలి అనీ బాబూ. షిప్ టైమైపోతంది."

ఒక్క నిమిషం పని. అనేస్తే పోయేది. కానీ అందరూ పళ్ళికిలించి చూస్తున్నారు. ఒకడైతే ఫోను తీసి వీడియోకి రెడీగా పట్టుకున్నాడు.

"గొంతు లేనప్పుడు చేపల బేరం ఎందుకమ్మా నీకు? ఇంకేదైనా చూసుకో. పక్కకి జరుగు, వెనకాల జనం ఉన్నారు."

ఆవిడ కాసేపు పెట్టెను చేత్తో నిమిరింది. తర్వాత కౌంటర్ మీద పెట్టేసింది.

"అరవని పెట్టి నాకెందుకు బాబూ" అని, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంతసేపు ఆడించి కొనకుండా పోయిందని వాసుదేవ్ జనం తగ్గేదాకా సణుగుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం తల్లి బుల్లమ్మ క్యారేజీ పట్టుకొచ్చింది.

"ఒరే వాసూ, దార్లో గురమ్మ అగుపడిందిరా! ఆటోలో జెట్టీకి పోతంది. కేకేసినాను, ఇనలేదు. హట్‌బే షిప్ కాబోలు."

"ఏ గురమ్మ?"

"హట్‌బేలో మన పక్కింటి గురమ్మ. మనం ఈ ఊరొచ్చీసినాక మళ్ళీ ఇయ్యాలే సూడ్డం. పలికినా నాకేటినపడుద్ది? పాపం, దానికి గొంతు లేదు గదా."

వాసుదేవ్ కలుపుతున్న అన్నం వదిలేశాడు.

"పుట్టుకతోనే లేదా?"

జెట్టీ వైపు నుంచి షిప్ కూత వినిపించింది. అది ఆగేదాకా బుల్లమ్మ ఆగింది.

"పుట్టుకతోనా? అది సేపలమ్మా అని కేకేస్తే కాలనీ ఈ సివర్నుంచి ఆ సివరికి ఇనపడీది. సునామీ దినాన నాను బజారుకెల్లిపోనాను, నువ్వేమో సిన్న గుంటడివి, జరమొచ్చి లోపల గడేసుకుని తొంగున్నావు. అందరూ గుట్ట మీదకి పరిగెడతంటే అదొక్కతే మన గుమ్మంలో నడుంలోతు నీళ్ళలో నిలబడి, నువ్వు లేచి గడి తీసీదాకా నీ పేరెట్టి అరిసి అరిసి, ఆ గొంతు అక్కడే పోగొట్టుకుందిరా."