కరెంటు పోయి వస్తే?

నోల్వియా మార్చింది మూడే మూడు వరుసలు.

నది పొంగితే దిగువ వాడలో సైరన్ మోగించే ప్రోగ్రాం అది. వాడలో కంప్యూటర్ తెలిసినవాళ్ళు కొందరు కలిసి, పైసా తీసుకోకుండా రాశారు. కిందటి అక్టోబరులో వరదొచ్చినప్పుడు కరెంటు పోయింది. సైరన్ మోగలేదు. నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే పోయారు. ఆ తర్వాత ఆ కోడ్ మొహం ఎవరూ చూడలేదు. రాసేవాళ్ళ జాబితాలో మిగిలింది రెండే పేర్లు. నోల్వియా, ఎలియోదోరో.

పద్ధతి మాత్రం మారలేదు. రాసిన మనిషి తన మార్పుని తానే ఖాయం చెయ్యకూడదు. ఇంకొకరు చూసి సరే అంటేనే అది నది గట్టుమీద సైరన్ మోగించే కంప్యూటర్ డబ్బాలోకి వెళ్తుంది.

తెరమీద ఎలియోదోరో పేరు కింద ప్రశ్న పడింది.

"నీ కంప్యూటర్లో నడిస్తే చాలనుకున్నావా మహాతల్లీ? గట్టుమీది డబ్బా ముసలిది. అలాంటి దానిమీద చూశావా?"

"చూశాను. మోగింది," అని నోల్వియా టైపు కొట్టింది.

"కరెంటు పోయి వస్తే?"

ఆమె లేచి, పరీక్షకని ఇంట్లో పెట్టుకున్న అలాంటి ముసలి డబ్బా ప్లగ్గు పీకింది. మళ్ళీ పెట్టింది. సైరన్ బదులు దానికి తగిలించిన చిన్న హారన్ కిక్కురుమనలేదు.

పక్కింటి బెల్కిస్ వేడి రొట్టెలో బీన్సు ముద్ద పెట్టి మడిచిన బలేయాదా తెచ్చింది.

"కొండమీద అప్పుడే వాన దంచుతోందే. పిల్లల్ని అక్క ఇంటికి పంపనా? నీ కూత కోసం కూర్చోనా?"

"పంపెయ్."

"అంటే నీకే నమ్మకం లేదన్నమాట. మరి మా అమ్మో? చచ్చినా మంచం దిగనంటోంది. ఆవిడకి నీ సైరనే దిక్కు."

బెల్కిస్ వెళ్ళిపోయాక నోల్వియా ఒక వరుస దిద్దింది. ప్లగ్గు పీకి పెట్టింది. హారన్ కూసింది. మళ్ళీ పీకి పెట్టింది. కూసింది. ఇంకోసారి పీకి పెడితే కూయలేదు. ఆ తర్వాత మళ్ళీ కూసింది.

ఎక్కడ తేడా కొడుతోందో ఎంత వెతికినా దొరకలేదు. ఇంకొకరి కన్ను పడితే దొరికేదేమో.

రేకులమీద చినుకులు మొదలయ్యాయి. పాతది ఎలాగూ మోగదు. ఇది ఒక్కోసారైనా మోగుతుంది. నోల్వియా మార్పుని ఖాయం చెయ్యమని పంపేసింది.

అప్పుడు తన పేరులోంచి బయటికొచ్చి, పొద్దుటినుంచీ తనని తాను ప్రశ్నలడగడానికి వాడుతున్న పేరుతో, కిందటి అక్టోబరు వరదలో పోయిన మొగుడు ఎలియోదోరో పేరుతో, మళ్ళీ లోపలికి వెళ్ళి, "చూశాను, సరే" అని కొట్టింది.