పిట్ట ముట్టిన పాకెట్

"పిట్ట ముడ్తలేదు," అన్నాడు బాలనర్సయ్య మళ్లీ.

ఎంకయ్య దినాలు. డాబా మీద విస్తరిలో ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టారు. కోడికూర, బోటి, గ్లాసులో కల్లు, పక్కన ముట్టించిన బీడీ. పోయిన మనిషికి మనసులో ఏదైనా మిగిలిపోతే కాకి ముట్టదని ఎల్లారెడ్డిలో అందరికీ తెలుసు. నీళ్ల ట్యాంకు మీద కాకులు అలిగిన అల్లుళ్లలా కూర్చున్నాయి.

బాలనర్సయ్య ఎంకయ్య తమ్ముడు. కాకి ముట్టేదాకా ఎవరికీ భోజనం లేదు కనుక ఆయన దుఃఖంలో కొంత ఆకలి కూడా ఉంది. "బోటి పెట్టినా రాకపాయె. మా అన్న మనసుల ఏదో ఉన్నది."

"ఏదో ఏంది, ఆ మిషనే," అన్నది శాంతవ్వ కళ్లు తుడుచుకుంటూ. "వద్దు వద్దని మొత్తుకున్నడు నా మొగడు. ఎవలన్న విన్నరా?"

అందరూ కోడలు అనిల వైపు చూశారు.

బస్టాండు దగ్గరున్న ఎంకయ్య సకినాల దుకాణానికి కామారెడ్డి నుంచి నైట్రోజన్ మిషన్ తెప్పించింది ఆమే. పాకెట్లో మామూలు గాలి తీసేసి నైట్రోజన్ నింపితే సకినాలు మెత్తబడవు, నూనె కంపు కొట్టదు, మస్కట్ దాకా పోయినా విరగవు. గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇండ్ల నుంచి ఆర్డర్లు మొదలయ్యాయి. ఎంకయ్యకు మాత్రం ఒంటికి కారం రాసుకున్నట్టే ఉండేది. "ఇన్నేండ్లు సకినాలు అమ్మిన. ఇప్పుడు గాలి అమ్ముమంటవా కోడలా?" అనేవాడు.

"దేవేందర్, మీ బాపుకు మొక్కి చెప్పు," అన్నది శాంతవ్వ కొడుకుతో. "మిషన్ వాపస్ ఇచ్చేస్త అను."

దేవేందర్ పెళ్లాం ముఖం చూశాడు. అనిలకు ఏడుపొచ్చింది. మిషన్ పోతే మళ్లీ గంప ముందు కూర్చుని ఈగలు తోలుకోవాల్సిందే. ఆ బతుకు ఆమెకు వద్దు.

"అత్తమ్మా, మామ తన చేతితోని కాల్చిన సకినాలు పెట్టకపోతిమి కదా."

"మంచాన పడి మూడు నెలలాయె. ఆయన చేతివి యాడున్నయే?"

"పాకెట్ల ఉన్నయి. ఆఖరుసారి కాల్చినవి నేనే దాచిన."

అనిల కిందికి పోయి, ఉబ్బిన పాకెట్ ఒకటి తెచ్చి, విస్తరి ముందు నిలబడి రెండు చేతులతో గట్టిగా నొక్కింది. అది టప్పుమని పేలింది.

ఆ చప్పుడుకే ట్యాంకు మీది పెద్ద కాకి లేచింది. సకినం విస్తరిలో పడీ పడకముందే ముక్కున కరుచుకుంది. దాని వెనక మిగతావన్నీ దిగి కోడికూర, బోటి ఖాళీ చేశాయి. కల్లు గ్లాసు దొర్లిపోయింది.

శాంతవ్వ పాకెట్లోంచి ఒక సకినం తీసి కొరికింది. కరకరలాడింది. "గివి ఆయన చేతివే," అని భోరుమన్నది. "ఒప్పుకున్నడు బిడ్డా. మిషన్ ఉంచుకో."

"గాలి కథ అన్నకు ఇప్పుడు సమజైంది," అన్నాడు బాలనర్సయ్య. "ఆయన గూడ గాలిల గలిసె గద. పాండ్రి, తిందాం."

అందరూ దిగిపోయాక అనిల చుట్టూ చూసి పెద్ద కాకికి ఇంకో సకినం వేసింది.

మామ పోయిన మర్నాటి నుంచి రోజూ ఆ డాబా మీద పాకెట్లు పేల్చి దాన్ని మచ్చిక చేసుకున్నది ఆమే.