తోడల్లుళ్ళ చక్రాలు

“చక్రం పెద్దదైనంత మాత్రాన బండి గొప్పదైపోదు తమ్ముడూ. ఎద్దుబండికీ పెద్ద చక్రాలే ఉంటాయి,” అన్నాడు మాస్టారు.

మామగారింటి వరండాలో కొత్త సైకిలు తళతళలాడుతోంది. దాని పక్కన మాస్టారి పాత సైకిలు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పెద్దల్లుడు మాస్టారు బడిలో లెక్కలు చెబుతాడు. చిన్నల్లుడు పళ్ళ డాక్టరు. కొండల మీద సైకిలు తొక్కడమంటే ఇద్దరికీ పిచ్చి. మాస్టారి బండికి ఇరవై ఆరంగుళాల చక్రాలైతే, డాక్టరు ఆ రోజే కొని తెచ్చిన బండికి ఇరవై తొమ్మిది. ఆ మూడంగుళాల తేడా చూసినప్పట్నుంచీ మాస్టారికి మంచినీళ్ళు కూడా గొంతు దిగడం లేదు.

“ఎద్దుబండి సంగతి నాకు తెలీదు గానీ అన్నయ్యా, రాళ్ళ మీద పెద్ద చక్రం ఇట్టే దొర్లిపోతుంది. చిన్నదైతే ప్రతి గుంటలోనూ పడి లేవాలి,” అన్నాడు డాక్టరు.

“మరి మలుపుల్లో? అంత చక్రాన్ని నువ్వు తిప్పుకునేలోపు వెనకవాడు నిన్ను దాటిపోయి, పైకెళ్ళి, ఓ కునుకు కూడా తీస్తాడు. లెక్క వేసి చూపించమంటావా?”

“లెక్కలెందుకులెండి. తొక్కితే తెలిసిపోతుంది.”

అంతలో అత్తగారు లోపల్నుంచి వచ్చి, కొత్త బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, “చిన్నల్లుడుగారి బండి ఎంత ఠీవిగా ఉందో” అన్నారు. ఇన్నేళ్ళలో మాస్టారి బండిని ఆవిడ ఇల్లు తుడిచే గుడ్డ ఆరేసుకోవడానికి తప్ప పట్టించుకున్నది లేదు. మాస్టారికి ఒళ్ళు మండిపోయింది.

మామగారిది సైకిళ్ళ దుకాణం. ఏటా జరిగే కొండ పందానికి ఒక్కో దుకాణం తరఫున ఒక్కరే వెళ్ళాలి. దుకాణం పేరు కుట్టిన పసుపుపచ్చ చొక్కా ఇంతవరకూ మాస్టారిదే. లెక్కల్లో సున్నా తెచ్చుకునే పిల్లలు కూడా ఆ చొక్కాలో చూశాక ఆయనంటే ప్రాణం పెట్టేవారు. అది డాక్టరు ఒంటి మీదికి పోతుందన్న ఊహనే మాస్టారు భరించలేకపోతున్నాడు.

“నోటితో తొక్కితే కొండెక్కదు అల్లుళ్ళూ,” అన్నారు మామగారు పేపరు మడిచి. “రేపు పొద్దున్న ఇద్దరూ మన కొండెక్కండి. నేను చొక్కా పట్టుకుని పైన కూర్చుంటాను. ముందొచ్చినవాళ్ళు తీసుకోండి. చిన్న చక్రమో పెద్ద చక్రమో అక్కడే తేలుతుంది.”

మర్నాడు అందరూ టీ తాగుతుంటే, మాస్టారు బూట్లు వెతుక్కునే నెపంతో బళ్ళు పెట్టిన గదిలోకి జారుకున్నాడు. డాక్టరు బండి టైర్లు నొక్కి చూశాడు. రాయిలా ఉన్నాయి. టైరు ఎంత గట్టిగా ఉంటే బండికి అంత పరుగని మాస్టారి గట్టి నమ్మకం. వాల్వు మూత తీసి, లోపలి పిన్నుని గోటితో నొక్కి, రెండు చక్రాల్లోనూ సగం గాలి వదిలేశాడు. పిల్లలు కాపీ కొడితే బెంచీ ఎక్కించే మనిషే, కానీ కుళ్ళుబోతుతనం ముందు నీతిపాఠాలు ఏ మూలకి?

కొండ మొదట్లో ఇద్దరూ పక్కపక్కనే తొక్కారు. గులకరాళ్ళ ఎత్తు రాగానే మాస్టారి లెక్క తలకిందులైంది. చతికిలపడాల్సిన డాక్టరు బండి గోడ మీద బల్లిలా నేలని కరుచుకుని పైకి పోతోంది. మాస్టారి బండి మాత్రం రాయి రాయికీ ఎగిరిపడుతోంది. ఎంత తొక్కినా ముందుకు పోదు. పంటి బిగువున పైకి చేరేసరికి, డాక్టరు అప్పటికే చెమట తుడుచుకుని మామగారి పక్కన కూర్చుని ఉన్నాడు. చొక్కా ఇంకా మామగారి ఒళ్ళోనే ఉంది.

మామగారు లేచి, డాక్టరు బండి టైరుని బొటనవేలితో నొక్కారు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

“గాలెవరు తగ్గించారు?”

“నేను కాదండి. గట్టిగా కొట్టించే తెచ్చాను,” అన్నాడు డాక్టరు.

“రాళ్ళ దారికి గాలి తగ్గిస్తేనే టైరుకి పట్టు చిక్కుతుంది. ఎన్నాళ్ళు చెప్పినా మీ ఇద్దరిలో ఒక్కరూ చెవిన పెట్టలేదు. ఇవాళ ఈ బండిని గెలిపించింది చక్రం కాదు, ఆ గాలి తగ్గించిన చెయ్యి. అదెవరిదో వాళ్ళకే ఈ చొక్కా.”

మాస్టారు చేసింది దొంగపని. అయితేనేం, చొక్కా చెయ్యి చాచినంత దూరంలో ఉంది. ఒక అడుగు ముందుకేశాడు.

“నేనే మావయ్యగారూ. కొత్త బండి కదా, రాళ్ళ మీద జారి పడతాడేమోనని. ఎంతైనా మనవాడు.”

మామగారు ఆయన్ని ఎగాదిగా చూసి, మెచ్చుకోలుగా తలూపి, చొక్కా భుజాన వేశారు. మాస్టారు దాన్ని రెండు చేతులా గుండెకి హత్తుకున్నాడు. డాక్టరు ముఖం పాలిపోయింది. తర్వాత దగ్గరికొచ్చి మాస్టారి చేతులు పట్టుకున్నాడు.

“ఏటా ఈ చొక్కాలో మిమ్మల్ని చూసి కుళ్ళుకునేవాణ్ణి అన్నయ్యా. మీ మనసు ఇంత మంచిదని ముందే తెలిసుంటే, నిన్న సాయంత్రం మీ వెనక బ్రేకు బిగించి పెట్టేవాణ్ణే కాదు.”